తొడుగుతో ఉన్న రాగి వైరు తుక్కు: ఒలిచి అమ్మాలా, అలాగే అమ్మాలా? పూర్తి లెక్క

వైరింగ్ పనులు చేసేవాళ్ల గోదాముల్లో, పాత ఇల్లు పడగొట్టిన వాళ్ల మేడ మీద, బోరు మోటార్లు బాగుచేసే షెడ్డు మూలల్లో ఏళ్ల తరబడి పోగుపడే సరుకు ఇది. 50 కిలోలు దాటాక ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒక్కటే: పైన ఉన్న పీవీసీ ఒలిచి రాగి అమ్మాలా, ఉన్నదున్నట్టు కొట్టుకు తోలేయాలా?

"ఒలిస్తేనే లాభం" అనేవాళ్లూ, "అంత శ్రమ దండగ" అనేవాళ్లూ ఇద్దరూ సగమే చెబుతున్నారు. కుప్ప మొత్తానికి ఒకే జవాబు ఉండదు. లావు వైరుకు ఒకటి, సన్న వైరుకు ఇంకొకటి. ఆ గీత ఎక్కడ గీయాలో కిలోకు ఎన్ని మీటర్ల వైరు తూగుతుందన్న లెక్క చెబుతుంది. కింది వరుసలోనే వెళ్లండి. రేటు అడగడం ఐదో మెట్టు, దాన్ని మొదటికి తేకండి.

1. ముందు కాగితం సిద్ధం చేసుకోండి

రాగి దొంగతనాలు మన పల్లెల్లో కొత్త కాదు. పొలాల్లో మోటారు కేబుళ్లు కోసుకుపోవడం, ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి లోపలి తీగ లాగేయడం తరచూ జరుగుతున్నదే. అందుకే పెద్ద మొత్తంలో రాగి తెచ్చినవాడిని కాస్త అనుమానంగానే చూస్తారు. విద్యుత్ లైన్ల సామగ్రి దొంగతనానికి 2003 విద్యుత్ చట్టంలో 136వ సెక్షను ఉంది. దొంగ సొత్తు అని తెలిసీ కొన్నవాడికి భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను ఉంది. నిఖార్సైన వ్యాపారి మీ ఆధార్ అడిగితే నొచ్చుకోకండి. ఏమీ అడగకుండా కొనేవాడి దగ్గరే ఆలోచించాలి.

దగ్గర ఉంచుకోవలసినవి:

- ఆధార్ నకలు, ఫోన్ నంబరు
- వైరు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితం: పాత కొనుగోలు బిల్లు, వర్క్ ఆర్డరు, లేదా "పాత వైరు నువ్వే తీసుకో" అని ఇంటి యజమాని రాసిచ్చిన రెండు లైన్ల చీటీ
- కుప్ప ఫొటోలు, తేదీతో

అపార్ట్‌మెంట్ లేదా సంస్థ సరుకైతే కమిటీ తీర్మానం నకలు కూడా పెట్టుకోండి. తర్వాత లెక్కలు అడిగేవాళ్లు ఉంటారు.

2. కుప్పను విడదీయండి

అన్నీ కలిపి ఒకే గోనెలో కుక్కి తీసుకెళ్తే, అందులోని అతి చవక రకం రేటే మొత్తానికి కడతారు. కొనేవాడి వైపు నుంచి చూస్తే అది న్యాయమే. లోపల ఏముందో అతనికి తెలియదు మరి.

ముందు కొత్త సరుకు పక్కకు తీయండి. సీలు తీయని 90 మీటర్ల కట్టలు, పది మీటర్లకు పైగా మిగిలిన కొత్త ముక్కలు తుక్కు కాదు. తోటి ఎలక్ట్రీషియన్లు వాటిని వైరుగానే కొంటారు. గోడలోంచి లాగిన పాత వైరును మాత్రం మళ్లీ వాడకానికి అమ్మకండి. దాని తొడుగు పెళుసుబారి ఉంటుంది.

మిగిలినదాన్ని ఇలా వేరు చేయండి:

- ఇంటి వైరింగ్ ఒంటి వైరు: ఇందులోనే సైజుల వారీగా: ఒకటి, ఒకటిన్నర, రెండున్నర, నాలుగు, ఆరు స్క్వేరు (అంటే తీగ అడ్డుకోత ఎన్ని చదరపు మిల్లీమీటర్లో ఆ అంకె).
- బోరు మోటారు ఫ్లాట్ కేబుల్: మూడు కోర్లు (దేని తొడుగు దానికున్న లోపలి తీగలు), పైన ఇంకో తొడుగు. రెండు పొరలు కాబట్టి రాగి శాతం తక్కువ, కానీ లోపలి తీగ లావు.
- గుండ్రటి ఫ్లెక్సిబుల్ కేబుల్: ఫ్యాన్లు, మిక్సీలు, ఎక్స్‌టెన్షన్ బోర్డులవి.
- ల్యాన్, టెలిఫోన్ కేబుల్: సన్నటి జంటలు.
- మోటారు వైండింగ్ తీగ: మామూలు మోటారుదైతే పైన ఎనామిల్ పూత ఉంటుంది, దీన్ని కొట్టులో "ఆర్మేచర్" కింద వేరుగా కొంటారు. సబ్‌మెర్సిబుల్ మోటారు తీగకు ప్లాస్టిక్ చుట్టు ఉంటుంది. ఈ రెంటినీ కలపకండి.
- తగరం పూసిన తీగ: పైకి తెల్లగా, గీకితే ఎర్రగా కనిపిస్తుంది. దీని రేటు వేరు.

ప్లగ్గులు, లగ్గులు, ఇనుప క్లిప్పులు, టేపు చుట్టిన అతుకులు కత్తిరించేయండి. సాకెట్లలోని ఇత్తడి పిన్నులు వేరే డబ్బాలో వేయండి, వాటికీ ధర ఉంది.

3. రాగి కానిదాన్ని ఇంట్లోనే పట్టుకోండి

మన ఊళ్లలో స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు చాలావరకు అల్యూమినియమే. లావుపాటి ఆర్మర్డ్ (ఇనుప కవచం ఉన్న) కేబుళ్లలోనూ అల్యూమినియంవి ఎక్కువ. పైతొడుగు చూసి రాగి అనుకోవద్దు, చివర కత్తిరించి చూడండి.

అంతకంటే మోసం చేసేది రాగి పూసిన అల్యూమినియం. చవక ల్యాన్ కేబుళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. టీవీ డిష్ కేబుల్ నడిమి తీగ చాలాసార్లు రాగి పూసిన ఉక్కు, చుట్టూ ఉన్న జాలీ అల్యూమినియం.

మూడు పరీక్షలు చాలు:

- అయస్కాంతం: అతుక్కుంటే లోపల ఉక్కు ఉన్నట్టే.
- బ్లేడుతో గట్టిగా గీకడం: లోపల తెల్లగా వస్తే అల్యూమినియం. రాగి ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది.
- తూకం: తొడుగు తీసిన ఒక స్క్వేరు రాగి తీగ మీటరుకు దాదాపు 9 గ్రాములు ఉండాలి. రెండున్నర స్క్వేరు అయితే 22 గ్రాముల పైన. బాగా తక్కువ తూగితే పూత సరుకైనా అయి ఉండాలి, సైజు దొంగిలించిన నాసి రకం వైరైనా అయి ఉండాలి.

ఇలాంటి వైరు ఒక్క కట్ట సంచిలో దొరికినా కాటా దగ్గర సంచులన్నీ విప్పిస్తారు, బేరమూ పడిపోతుంది. ముందే తీసేస్తే ఆ గొడవ ఉండదు.

4. నమూనా ఒలిచి రాగి శాతం తీయండి

ప్రతి రకం నుంచీ వేర్వేరు కట్టల్లోంచి ముక్కలు తీసి, మొత్తం పది మీటర్లు తూచండి. ఒక గ్రాము దాకా చూపే వంటింటి డిజిటల్ కాటా సరిపోతుంది. తర్వాత ఒలిచి రాగి మాత్రమే తూచండి.

రాగి శాతం = రాగి బరువు ÷ మొత్తం బరువు × 100

శుభ్రంగా ఉన్న కట్టలే ఏరుకుని నమూనా తీస్తే లెక్క మీకే తప్పుతుంది. మట్టి, సిమెంటు అంటినవి కూడా తీయండి.

మామూలు పీవీసీ తొడుగున్న ఇంటి వైరుకు ఉజ్జాయింపు అంకెలు ఇవి. రాగి సాంద్రత, తొడుగు మందం పట్టి వేసిన లెక్క. మీ నమూనాకు రెండు మూడు శాతం అటూ ఇటూ రావచ్చు.

- ఒక స్క్వేరు: రాగి 58 శాతం, కిలోకు 65 మీటర్లు
- ఒకటిన్నర: 64 శాతం, 48 మీటర్లు
- రెండున్నర: 69 శాతం, 31 మీటర్లు
- నాలుగు: 74 శాతం, 21 మీటర్లు
- ఆరు: 79 శాతం, 15 మీటర్లు

అందరూ శాతం దగ్గరే ఆగిపోతారు. రెండో అంకెను గుర్తుంచుకోండి, ఆరో మెట్టులో నిర్ణయం దాని మీదే ఉంటుంది.

5. రేటు అడిగే పద్ధతి

ముందు సరుకుల ఎక్స్ఛేంజి అయిన ఎంసీఎక్స్‌లో ఆ రోజు రాగి ధర చూడండి, అక్కడ కిలో లెక్కనే ఉంటుంది. అది శుద్ధమైన రాగి ధర, తుక్కుకు ఎప్పుడూ దానికంటే తక్కువే వస్తుంది. ఎంత తక్కువ అన్నదే బేరం.

ఒకే రోజు, వీలైతే గంట తేడాలో, కనీసం ముగ్గురికి ఫోన్ చేయండి. సోమవారం ఒకరిని, గురువారం ఇంకొకరిని అడిగితే కొట్ల తేడా ఏదో, మార్కెట్ తేడా ఏదో తెలియదు.

అడగవలసినవి:

- ఒలిచిన రాగికి ఎంత? ఏ రకం కింద తీసుకుంటారు?
- ఈ సైజు వైరు తొడుగుతోనే ఇస్తే ఎంత?
- ఎంత తరుగు తీస్తారు?
- హమాలీ, రవాణా ఎవరివి?
- ఈ రేటు బిల్లుతోనా?
- ఈ రేటు ఎన్ని గంటల దాకా నిలబడుతుంది?

చాలామంది పడిపోయే గుంట మొదటి ప్రశ్నలోనే ఉంది. ఫోన్‌లో "మిల్‌బెర్రీ" రేటు చెబుతారు. మెరిసే, పూత లేని, లావుపాటి శుభ్రమైన తీగకు వ్యాపారంలో వాడే పేరది. అంతర్జాతీయ తుక్కు ప్రమాణాల్లో బార్లీ, బెర్రీ అనే మేలురకాలకు తీగ 16 గేజీ, అంటే సుమారు 1.29 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండకూడదు. ఇప్పటి ఇంటి వైరులో ఒక్కో పోగు 0.3 మిల్లీమీటర్లే. ఒకటిన్నర స్క్వేరులో అలాంటివి 22 పోగులు ఉంటాయి. మీరు కష్టపడి ఒలిచి తీసుకెళ్లాక "ఇది సన్న పోగు, మిల్‌బెర్రీ కాదు" అని రేటు దించితే వాదించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. కొందరు వ్యాపారులు మెరుపు చూసి మంచి రేటే ఇస్తారు, కొందరు ఇవ్వరు. కాబట్టి ఒలిచిన నమూనా ఫొటో వాట్సాప్‌లో పంపి, "దీనికి ఎంత?" అని రాతలో జవాబు తెచ్చుకోండి. ఆ తర్వాతే కత్తి పట్టండి.

6. అసలు లెక్క: ఒలవాలా, వద్దా?

కిలోకు మిగులు = (ఒలిచిన రాగి రేటు × రాగి శాతం ÷ 100) − తొడుగుతో వైరు రేటు

మీటరుకు మిగులు = కిలోకు మిగులు ÷ కిలోకు మీటర్లు

గంటకు మిగులు = మీటరుకు మిగులు × గంటలో ఒలిచే మీటర్లు

ఉదాహరణకు ఒలిచిన రాగి కిలో 1,000 రూపాయలు అనుకుందాం. లెక్క తేలిక కోసం పెట్టిన అంకె, ఇవాళ్టి రేటు కాదు. తొడుగుతో ఉన్న వైరుకు కొట్టువాడు ఒక స్క్వేరుకు 520, రెండున్నరకు 630, ఆరు స్క్వేరుకు 730 చెప్పాడనుకోండి. వరుసగా రాగి విలువ 580, 690, 790. కిలోకు మిగులు మూడింటికీ 60 రూపాయలే. ఇక్కడ ఆగితే "మూడూ ఒకటే కదా" అనిపిస్తుంది.

మీటర్లలోకి మార్చండి. ఒక స్క్వేరులో ఆ 60 రూపాయలు 65 మీటర్ల మీద పరుచుకుంటాయి, మీటరుకు 92 పైసలు. రెండున్నరలో 1.94 రూపాయలు. ఆరు స్క్వేరులో 4 రూపాయలు.

కత్తితో ఒక మనిషి గంటకు 100 మీటర్లు ఒలుస్తాడనుకుంటే గంటకు 92, 194, 400 రూపాయలు. రోజు కూలి 8 గంటలకు 800 అయితే గంటకు 100. అంటే సన్న వైరు ఒలిచి కూలి కూడా రాబట్టుకోలేరు, లావు వైరులో నాలుగింతలు మిగులుతుంది. అదే కుప్ప, అదే కొట్టు, అదే రోజు.

గంటకు 100 మీటర్లు మీకు కుదురుతుందో లేదో ఊహించవద్దు. ఫోన్‌లో టైమరు పెట్టుకుని పావుగంట ఒలిచి చూడండి. జానెడు ముక్కలైతే వేగం సగానికి సగం పడిపోతుంది. సన్న వైరు ముక్కల్ని ఏ లెక్కా వేయకుండా తొడుగుతోనే అమ్మేయండి.

ల్యాన్ కేబుల్ గురించి తరచూ అడుగుతుంటారు. మీటరు కేబుల్‌లో ఎనిమిది తీగలు, అంటే ఎనిమిది మీటర్లు ఒలవాలి. చేత్తో దాని జోలికి పోకండి. బోరు మోటారు ఫ్లాట్ కేబుల్‌కు మాత్రం ఓ మధ్యేమార్గం ఉంది: పైతొడుగు ఒక్కటే చీల్చి లాగేసి, లోపలి మూడు కోర్లను ఒంటి వైరుగా అమ్మడం. బయటి పొర సులభంగా వస్తుంది, శాతం ఒక్కసారిగా పెరుగుతుంది. వైరు ఎండలో బిరుసెక్కి ఉంటే ఇది కూడా కుదరదు.

కొట్టువాడు తొడుగు వైరుకు చాలా తక్కువ చెబితే మిగులు పెద్దగా కనిపించి మీరు ఒలవడానికి మొగ్గుతారు. ముందు వేరే కొట్లో అడగండి. మంచి వైరు రేటు దొరికితే చాలాసార్లు ఒలవాల్సిన పనే ఉండదు.

7. ఒలిచేటప్పుడు

యాభై, అరవై కిలోల లావు వైరుకు చేతి కత్తి, బల్లకు బిగించిన చిన్న తిప్పుడు యంత్రం చాలు. మోటారు యంత్రం కొనాలంటే దాని ధరను మీటరుకు మిగులుతో భాగించి చూడండి. అన్ని మీటర్లు మీ దగ్గర లేకపోతే, ముందు ముందూ సరుకు వచ్చే దారి లేకపోతే కొనకండి.

తరచూ జరిగే తప్పులు, సవరణలు:

- బ్లేడు లోతుగా దిగి పోగులు తెగుతున్నాయి: తెగిన పోగులు పీవీసీతో పాటే పోతాయి. సైజు మారినప్పుడల్లా బ్లేడు ఎత్తు మార్చండి.
- తొడుగు చీలుతోంది కానీ ఊడటం లేదు: పాత వైరు రాగికి అతుక్కుపోయి ఉంటుంది. ఎండలో కాసేపు పరిస్తే మెత్తబడవచ్చు. లేదంటే ఒలవకండి.
- రాగి నల్లబడుతోంది: తడి నేల మీద పెట్టారు. ఒలిచిన వెంటనే పొడి సంచిలో కట్టేయండి. ఒలిచాక ఎక్కువ రోజులు ఉంచకండి.
- వేళ్లు తెగుతున్నాయి: కోత తగలని గ్లవ్స్ వేసుకోండి, కత్తి మీ ఒంటి వైపుకు లాగకండి. యంత్రం బ్లేడు మార్చేముందు ప్లగ్గు తీయండి.

కాల్చడం గురించి ఒక్కసారే చెబుతాను: వద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వస్తాయి. రాగి పక్కనే ఉండటం డయాక్సిన్లు తయారయ్యేందుకు ఇంకా తోడ్పడుతుంది. పాత తొడుగుల్లో సీసం కూడా ఉంటుంది, అది బూడిదలో మిగులుతుంది. ఆరుబయట వ్యర్థాలు కాల్చితే మామూలుగా 5,000, పెద్ద ఎత్తునైతే 25,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. ఇదంతా పక్కన పెట్టి డబ్బే చూసుకున్నా నష్టమే. కాలిన తీగ నల్లబడి పెళుసవుతుంది, మేలురకంలోకి రాదు, రేటు పడిపోతుంది.

8. ఎవరికి అమ్మాలి?

- వీధి కొట్టు, పాత సామాన్లవాళ్లు: 10, 20 కిలోలకు. సులువు, కానీ రేటు తక్కువ. అతను కూడా పైవాడికే అమ్మాలి కదా.
- టోకు వ్యాపారి: 50 కిలోలు దాటితే నేరుగా ఇక్కడికే వెళ్లండి. విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ కాటేదాన్ లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో అడిగితే దొరుకుతారు.
- గ్రాన్యులేటర్ ఉన్న యూనిట్: వైరును ముక్కలు చేసి రాగిని, ప్లాస్టిక్‌ను వేరు చేసే యంత్రం. సన్న వైరు, ల్యాన్ కేబుల్ టన్నుల్లో ఉంటే వీళ్లే సరైనవాళ్లు. నమూనా తీసి రాగి శాతం మీద ధర కడతారు. నమూనా తీసేటప్పుడు దగ్గరుండండి.

మీ దగ్గర సన్న వైరు 80 కిలోలే ఉంటే, ఊళ్లో ఇంకో ఇద్దరు ఎలక్ట్రీషియన్లతో కలిసి ఒకే లోడుగా అమ్మడం మేలు. ఎవరి సంచి మీద వాళ్ల పేరు, తూకం రాసుకుంటే స్నేహాలు మిగులుతాయి.

9. ఆగాలా, ఇప్పుడే అమ్మాలా?

రాగి ధర లండన్ మార్కెట్ మీద, డాలరు మారకం మీద ఆధారపడి కదులుతుంది. దాన్ని ముందే చెప్పగలిగినవాళ్లు వైరు తుక్కు అమ్ముకోరు. మీరు చూసుకోవలసింది వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు నెత్తిన పెట్టుకుని లక్ష రూపాయల రాగి మూలన ఉంచితే నెలకు 2,000 పోతుంది. ధర నెలకు 2 శాతం పెరిగినా మీరు ఉన్నచోటే ఉంటారు. పైగా దొంగల భయం.

అప్పు లేదు, చోటు భద్రంగా ఉందంటే మూడు భాగాలుగా, నెలకు ఒకటి చొప్పున అమ్మండి.

10. కాటా రోజు

బయలుదేరే ముందు:

- ప్రతి సంచీ ఇంట్లో తూచి, మార్కరుతో బరువు రాయండి, ఫొటో తీయండి
- రకాల వారీగా సంచుల మూతి వేర్వేరు రంగు వైరుతో కట్టండి
- ఆ ఉదయం రేటు మళ్లీ ఫోన్‌లో నిర్ధారించుకోండి

కొట్టులో:

- కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో, గడువు దాటిందో చూడండి
- ఖాళీ కాటా సున్నా చూపాలి
- ఒక సంచి మొదట పెట్టి మీ అంకెతో సరిచూడండి. తేడా వస్తే అక్కడే ఆపండి, చివరిదాకా ఆగకండి
- కొద్ది సరుకును లారీల వేబ్రిడ్జి మీద తూయించకండి. దానికి ఐదు, పది కిలోల తేడా ఒక లెక్క కాదు, మీకు అది వేల రూపాయలు
- ఖాళీ సంచుల బరువు వేరుగా తూచి తీసేయమనండి, "ఓ రెండు కిలోలు" అన్న అంచనా ఒప్పుకోకండి

రేటు తగ్గించకుండా తరుగు పెంచడం పాత ఎత్తు. "మట్టి ఉంది, 3 శాతం" అంటే నాలుగో మెట్టులో తీసిన శాతం చూపించండి. మీ నమూనాలో మట్టి అంటిన ముక్కలూ ఉన్నాయి కాబట్టి తరుగు అందులోనే ఉంది. కుదరకపోతే సంచులు ఆటోలోకి ఎక్కించండి. ఆటోవాడికి ముందే "తిరిగి రావాల్సి రావచ్చు" అని చెప్పి కిరాయి మాట్లాడుకుంటే ఆ పని చేయడానికి ధైర్యం ఉంటుంది.

11. బిల్లు, పన్ను

రాగి తుక్కు మీద జీఎస్టీ 18 శాతం. 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్టీ నంబరు లేని వ్యక్తి దగ్గర నంబరున్న వ్యాపారి లోహపు తుక్కు కొంటే ఆ పన్ను కొన్నవాడే రివర్స్ చార్జి కింద కట్టాలి. "జీఎస్టీ పోను ఇంత" అని మీ డబ్బులోంచి 18 శాతం కోస్తామంటే ఒప్పుకోకండి. అతను కట్టిన పన్ను అతని మిగతా జీఎస్టీలో క్రెడిట్‌గా అతనికే వస్తుంది.

మీకే నంబరు ఉంటే ఇన్వాయిస్ ఇచ్చి పన్ను వసూలు చేయాలి. ఇద్దరికీ నంబరు ఉండి ఒప్పందం రెండున్నర లక్షలు దాటితే కొన్నవాడు 2 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పట్టుకుంటాడు. అది మీ జీఎస్టీ ఖాతాలో కనిపించాలి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) సంగతి బండి కదలకముందే తేల్చుకోండి.

ఒకే రోజు ఒకరి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం కుదరదు. బ్యాంకు ద్వారానే తీసుకోండి, డబ్బు జమ అయిన మెసేజీ చూశాకే సంచులు లోపలికి పోనివ్వండి.

12. మిగిలిన పీవీసీ

వంద కిలోల ఒకటిన్నర స్క్వేరు ఒలిస్తే 36 కిలోల తొడుగు మిగులుతుంది. రంగుల వారీగా, రాగి పోగులు లేకుండా, పొడిగా ఉంటే ప్లాస్టిక్ తుక్కు కొనేవాళ్లు తీసుకుంటారు. డబ్బు కొద్దిగానే వస్తుంది, ఆరో మెట్టు లెక్కలో దాన్ని కలపకండి. సంచి కట్టే ముందు ఒకసారి దులపండి, తెగిన పోగులు అడుగున దొరుకుతాయి.